చేతికందని దూరం

ఆ షాపులో పని నేర్చుకోవాలంటే అన్నిటికంటే ముందు దూరం నేర్చుకోవాలి. గేర్లు, షాఫ్టులు, క్లచ్చులు ఆ తర్వాత. దూరం అంటే, బావ చెయ్యి చాపితే ఎంతో అంత, దానికి ఆ చేతిలో ఉన్న పానా పొడుగు కలుపుకోవాలి. ఆ గీత ఎవరూ గీయలేదు గానీ అందరి కాళ్లకీ తెలుసు. కడిగిన సామాను బావకి అందించాల్సి వచ్చినప్పుడు నూనెతాత దాన్ని రేకుపళ్లెంలో పెట్టి, పళ్లేన్ని బల్ల ఈ చివర ఉంచి, ఒక్క వేలితో ఆ చివరికి తోసేవాడు. తోసిన వేలు అక్కడ ఒక్క క్షణం కూడా ఆగకుండా వెనక్కి వచ్చేసేది.

ఆ గీత లోపల నిలబడేవాడు పానా ఒక్కడే. పానాలు అందించే పనితో మొదలుపెట్టాడు కాబట్టి ఆ పేరు పడింది. ఇప్పుడు గేర్‌బాక్సు మొత్తం విప్పి బిగించగలడు గానీ పేరు మాత్రం అతనితోపాటు ఎదగలేదు. షాపు యజమాని, అంటే బావ, అతనికి సొంత అక్క మొగుడు. దెబ్బలు అతనికీ పడేవి, కాకపోతే చుట్టరికం ఉంది కాబట్టి కొంచెం మొహమాటంగా పడేవి.

ఆ రోజు బల్ల మీద ఒక టాక్సీ గేర్‌బాక్సు ఉంది. మూడో గేరు వేస్తే నిలవడం లేదనీ, ఎత్తు ఎక్కేటప్పుడు దానంతటదే జారిపోయి బండి వెనక్కి వస్తోందనీ డ్రైవరు మొత్తుకుని వెళ్లాడు. దింపిన నూనెని బావ రెండు వేళ్ల మధ్య రాసి వెలుతురులోకి పట్టుకెళ్లాడు. వేళ్ల మీద పసుపుపచ్చని పొడి తళతళలాడింది. ఇత్తడి రింగులు అరిగి నూనెలో కలిసిపోయాయి. ఇంకేం చూడక్కర్లేదని తేల్చేసి పెట్టె విప్పించాడు. ఆ చూపులో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. అతని దగ్గర దెబ్బలు తిన్నవాళ్లు కూడా ఆ మాట ఒప్పుకునేవాళ్లు, అదే మరీ ఒళ్లు మండే సంగతి.

తాత పెట్టె రెండు సగాల్నీ కిరోసిన్‌లో కడిగి తుడిచి తెచ్చాడు. బావ అంచు వెంట బొటనవేలు నడిపించుకుంటూ పోయాడు. ఒక మూల దగ్గర వేలు ఆగింది. రెండు సగాల్నీ అతికించే పాత ముద్ద అక్కడ గోరంత మిగిలిపోయింది. బావ ఎడమచేతిలో ఉన్న గేరుని కుడిచేతిలోకి మార్చుకుని విసిరాడు. అది తాత మోకాలికింద ఎముకకి తగిలి, నేల మీద గింగిరాలు తిరిగి, కిరోసిన్ తొట్టి దగ్గర ఆగింది.

"చేత్తో చెబితే గుర్తుంటుంది," అన్నాడు బావ. అది అతని ఊతపదం.

తాత కుంటుకుంటూ వెళ్లి ముందు గేరుని తీశాడు. పళ్లు ఏమైనా విరిగాయేమోనని చుట్టూ తిప్పి చూశాడు. కడిగాడు, తుడిచాడు, పళ్లెంలో పెట్టి ఒక్క వేలితో తోశాడు. ఆ తర్వాతే తన కాలు చూసుకున్నాడు. కిరోసిన్ గుడ్డతోనే అద్దుకుంటే గాయం భగ్గుమన్నట్టుంది, కళ్లు మూసుకుని అలాగే కాసేపు కూర్చున్నాడు. బావలా తను ఎప్పటికీ కానని పానా అప్పుడు కూడా అనుకున్నాడు. రోజూ అనుకునేదే.

మధ్యాహ్నం అక్క క్యారేజీ తెచ్చింది. రేకుల కప్పు కింద మనుషులు చెమటతో నానిపోతుంటే ఆవిడ మాత్రం శాలువా కప్పుకుని వచ్చింది. క్యారేజీని బల్ల చివర పెట్టి, తాత లాగే లోపలికి తోసి, వెనక్కి జరిగింది. తోస్తున్నప్పుడు శాలువా జారింది. ఎడమ మణికట్టు వాచి, చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. వేళ్లు సగానికి మించి మడవడం లేదు.

"స్నానాలగదిలో జారాను," అంది అక్క, ఎవరూ అడగకుండానే.

"చూసుకుని నడవాలి," అన్నాడు బావ, తల ఎత్తకుండా.

పానా అప్పుడు ఒక బోల్టు బిగిస్తున్నాడు. బిగిసిన తర్వాత కూడా తిప్పుతూనే ఉన్నాడు, దాని తల తెగి చేతిలోకి వచ్చింది.

అక్కని సందు చివరిదాకా దిగబెడతానని వెంట నడిచాడు. దారిలో ఎన్నిసార్లు అడిగినా ఆవిడ ఎండ గురించీ, అద్దెకున్న వాళ్ల గొడవల గురించీ మాట్లాడింది. మలుపు దగ్గర ఆగి, శాలువా సర్దుకుని, వేరేవాళ్ల ఇంట్లో జరిగింది చెబుతున్నట్టు చెప్పింది.

"తలుపు సందులో చెయ్యి పెట్టి తలుపు వేశాడురా. పెట్టమని నాతోనే పెట్టించాడు."

ఆ మాటతో ఆవిడ వెళ్లిపోయింది.

*

సాయంత్రం పానా ఇంట్లోకి కాలుపెట్టేసరికి ఆ తలుపు అతని బుర్రలో వెయ్యిసార్లు వేసుకుని ఉంది. భార్య బల్ల మీద నీళ్లగ్లాసు పెట్టి ముందుకి జరిపింది. అతను తాగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. అంతా విన్నాక ఆమె, ఎముక విరిగిందేమో, రేపు తాను సెలవు పెట్టి వదినని ఆస్పత్రికి తీసుకెళ్తానంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"మీరు ఒక్కమాట అడగొచ్చు కదండీ ఆయన్ని. రోజంతా పక్కనే ఉంటారు."

తగలకూడని చోట తగిలింది ఆ మాట. తను పిరికివాడా అని అరిచాడు పానా. అప్పుడే వడ్డించిన కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు. కూర గోడ వెంట కారింది. బయటికి పోదామని లేస్తే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, ఎక్కడికని అడిగింది. జబ్బ పట్టుకుని పక్కకి జరిపాడు. గట్టిగానే జరిపాడు, ఆమె వీపు బీరువాకి తగిలింది. వీధి చివరిదాకా వెళ్లి, కిళ్లీకొట్టు దగ్గర కాసేపు నిలబడి, చల్లబడి తిరిగొచ్చాడు.

వచ్చేసరికి నేల తుడిచి ఉంది. గోడ మీద మరక మిగిలింది. ఇంత కోపంలో కూడా కంచాన్నే కొట్టాడు తప్ప మనిషిని కొట్టలేదని తలుచుకుని పానాకి తన మీద తనకే గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే నిద్రపోయాడు.

*

మర్నాడు బావ కొత్త రింగుల కోసం బజారుకి వెళ్తూ పెట్టె బిగించే పని పానాకి అప్పజెప్పాడు. గేర్లు మార్చే కడ్డీల పక్కన చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఒక స్ప్రింగు, దాని మీద శనగగింజంత ఉక్కుగోళీ. వేసిన గేరు జారకుండా పట్టి ఉంచేది ఆ గోళీయే. చూపుకి ఆనని వస్తువు, అది లేకపోతే ఇంత పెట్టె ఉండీ దండగ. దొర్లిపోయే రకం కాబట్టి పనివాళ్లు ఎడమచేతి వెనక ఇంత గ్రీజు రాసుకుని గోళీల్ని దానికి అంటించుకుంటారు. పానా ఎడమచేతివాటం మనిషి, అతను కుడిచేతికి రాసుకుంటాడు.

ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి గోళీ లేదు. పళ్లెంలో లేదు, బల్ల మీద లేదు. బావ వచ్చే వేళైంది. తొట్టిలో చూడమని తాతని కేకేశాడు. తాత తొట్టంతా దేవి, లేదన్నాడు. కడిగినప్పుడు అన్నీ ఉన్నాయనీ, తాను చేతికే ఇచ్చాననీ కూడా అన్నాడు. అది నిజం. తాత బావకి పళ్లెం తోసేవాడు గానీ పానాకి మాత్రం వస్తువు అరచేతిలోనే పెట్టేవాడు.

"అంటే నేను మింగానా?"

"మింగావని నేనన్నానా బాబూ."

ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో ఇప్పటికీ తేలదు. పానాకి మాత్రం ఉన్నట్టే వినిపించింది. ఎడమచేతిలో పానా ఉంది కాబట్టి కుడిచెయ్యి లేచింది. వెనకచేత్తో కొట్టాడు. ముసలాయన దవడ పక్కకి తిరిగిపోయింది, పెదవి చిట్లింది, కిరోసిన్ తొట్టి అంచు పట్టుకుని పడకుండా ఆగాడు.

చెంప మీద ఎర్రగా చెయ్యి వాత. ఆ వాత మధ్యలో, ఎముక మీద, ఒక చిన్న గుండ్రటి గుంట. తాత దాన్ని వేలితో తడుముకున్నాడు. తర్వాత పానా చేతివైపు చూశాడు. పానా కూడా చూసుకున్నాడు. మెటికల వెనక, గ్రీజులో కూరుకుపోయి, పోయిందనుకున్న గోళీ అక్కడే ఉంది.

ఏం చేస్తాడు? నవ్వాడు. నవ్వి, నువ్వైనా చెప్పొద్దా తాతా అన్నాడు. టీ తెప్పించాడు, బిస్కట్టు కూడా తెప్పించాడు. తాత చిట్లిన పెదవికి తగలకుండా గ్లాసు ఓరగా పెట్టుకుని టీ తాగాడు, బిస్కట్టు జేబులో వేసుకున్నాడు. పానా గోళీ తుడిచి గుంటలో వేసి, పైన మూత బిగించాడు. బావ వచ్చి కడ్డీ కదిపి చూసి, గేరు ఠక్కుమని పడితే, బాగుంది అన్నాడు. తాత చెంప చూశాడు, బావ పెదవి చివర ఒక నవ్వు వచ్చి పోయింది.

ఆ సాయంత్రం మిగిలిన బోల్టులు అడిగితే తాత వాటిని పళ్లెంలో పెట్టాడు. పళ్లెం బల్ల చివర ఉంచి ఒక్క వేలితో తోశాడు. పానా అది గమనించాడు గానీ, ముసలాయనకి అలకొచ్చింది, రెండ్రోజుల్లో పోతుందనుకున్నాడు.

ఇంటికెళ్తే భార్య చెప్పింది, వదిన చేతికి రెండుచోట్ల ఎముక విరిగిందట, కట్టు కట్టారట. ఇంకేం అన్నాడు డాక్టరు అని అడిగితే ఆమె, ఏమీ అనలేదంది.

*

మూడో రోజు గేర్‌బాక్సు ఎక్కించాలి. ఆ షాపులో బండిని పైకెత్తే లిఫ్టు లేదు. బండి నాలుగు ఇనపస్టాండ్ల మీద నిలబడుతుంది. ఒక మనిషి చెక్క మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరతాడు. గేర్‌బాక్సు తోకకింద జాకీ, తల అతని గుండెల మీద. జాకీ దగ్గరున్నవాడు అంగుళం అంగుళం లేపుతుంటే, కిందివాడు పెట్టెని కౌగిలించుకుని, దాని ముక్కుని క్లచ్ ప్లేటు మధ్యలోని కన్నంలోకి పోనిస్తాడు. కిందివాడి ప్రాణం పైవాడి చేతిలో ఉంటుంది. అందుకే ఆ పనికి బావ పానాని తప్ప ఎవర్నీ పిలిచేవాడు కాదు.

క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే ముక్కు లోపలికి పోదు. కూర్చోబెట్టడానికి ఒక పాత షాఫ్టు ముక్క గోడ మేకుకి వేలాడుతూ ఉంటుంది. పానా దాన్ని తీయబోతే బావ కసిరాడు. అది నేర్చుకునేవాళ్లకి, తన కన్నుంటే చాలన్నాడు. కంటి అంచనాతోనే ప్లేటు బిగించి, చెక్క మీద కిందికి దూరాడు.

పెట్టె పోలేదు. కొంచెం లేపమన్నాడు, దించమన్నాడు, పక్కకి వంచాడు, అరిచాడు. ముక్కు కన్నం అంచుకి టక్కుటక్కుమని కొట్టుకుంటోంది తప్ప దిగడం లేదు. చెమట కళ్లల్లోకి కారి బావకి ఒళ్లు తెలియడం లేదు. తప్పు తన కంటిదని అతనికి తెలిసే ఉంటుంది. తెలిసిన కొద్దీ కోపం జాకీ వైపు మళ్లింది. బయటికున్న కాలితో పానా మోకాలి చిప్ప మీద తన్నాడు. ఇంకోసారి తన్నాడు.

"మీ ఇంటి రక్తంలోనే లేదురా బుర్ర. మీ అక్కకీ అంతే. చేత్తో చెబితేగానీ దిగదు."

జాకీ కడ్డీ పానా చేతిలో ఉంది. కడ్డీని ఎడమకి తిప్పితే లోపలి నూనె వదులై జాకీ దిగుతుంది. పానా తిప్పాడు.

ఎక్కువ కాదు, అంగుళం. పెట్టె బరువు గుండెల మీదికి వచ్చింది. బావ నోట్లోంచి గాలి బయటికి తన్నుకొచ్చింది. ముందు బూతు వచ్చింది, దాని తర్వాత నవ్వు లాంటిది, ఎత్తరా వెధవా అని.

"అక్క చెయ్యి ఎలా విరిగింది బావా?"

"జారి..."

పానా ఇంకొంచెం తిప్పాడు. బావ మడమలు నేలని గీకాయి. చెప్పు ఒకటి ఊడి దూరంగా పడింది. ఒక చెయ్యి పెట్టె కింద ఇరుక్కుంది, రెండోది బయటికొచ్చి గాలిలో పట్టుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికింది. అది పానాకి అందే దూరంలోనే ఉంది. పానా వెనక్కి జరిగాడు.

"ఎలా విరిగింది? చెప్పు. నువ్వే చెప్పు."

పుట్టి బుద్ధెరిగాక బావని నువ్వు అనడం అదే మొదలు. నోట్లో ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేం.

"నేనే," అంది కింద గొంతు. "నేనే... తలుపు..."

అడిగింది వచ్చేసింది. ఇక ఎత్తాలి. పానా చెయ్యి ఎత్తలేదు. ఇంత బలం తన మణికట్టులో ఉందని ఇన్నాళ్లూ తెలియదు. చిన్న కదలిక, ఒక మగాడు మెలికలు తిరుగుతున్నాడు. ఇంకొంచెం తిప్పితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తిప్పాడు. లోపల ఎక్కడో ఏదో పటుక్కుమంది, ఇనుము చప్పుడు కాదు అది. తొట్టి దగ్గర తాత బ్రష్షు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

అప్పుడు అక్క వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి మెళ్లో గుడ్డకి వేలాడుతోంది, మంచి చేతిలో బట్టలసంచీ ఉంది. క్యారేజీ లేదు. బండి కిందనుంచి బయటికున్న రెండు కాళ్లని చూసింది, తమ్ముడి మొహం చూసింది. సంచీ నేల మీద పెట్టింది.

"ఎత్తరా."

"వాడే ఒప్పుకున్నాడక్కా. నేను ఒప్పించాను."

"నేను వెళ్లిపోతున్నాను. ఆ మాట ఆయనకి చెప్పడానికొచ్చాను. వినడానికి ఊపిరి ఉండాలి కదా, ఎత్తు."

పానా కదల్లేదు. కదలాలని లేక కాదు, వేళ్లు విడవడం లేదు. అక్క వచ్చి, ఉన్న ఒక్క చేత్తో కడ్డీ పట్టుకుని, అతని వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసింది. విడదీశాక ఆగిపోయింది. ఆవిడకి జాకీ తెలియదు.

"ఎటు తిప్పాలిరా?"

పానా నోరు విప్పలేదు. కుడికా ఎడమకా అన్న ఒక్కమాట చాలు. కాళ్లు నేలని గీకడం కూడా తగ్గిపోతోంది.

"కుడికమ్మా," అన్నాడు తాత. అతని గొంతు ఎప్పుడూ అంత గట్టిగా విన్నవాళ్లు లేరు. "కుడికి బిగించి, కిందికీ పైకీ కొట్టు. నేను పట్టుకుంటా."

కుంటికాలితోనే వచ్చి ముసలాయన కడ్డీ రెండో పక్క పట్టాడు. చెయ్యి విరిగిన మనిషీ, కాలు దెబ్బతిన్న మనిషీ కలిసి ఆ బరువుని లేపారు. బావ చెక్కతో సహా బయటికి జారి, పక్కకి తిరిగి, చాలాసేపు కక్కాడు.

అక్క అతను కక్కడం పూర్తయ్యేదాకా నిలబడింది. తర్వాత, వెళ్తున్నానని ఒక్కమాట చెప్పింది. తాళాలు పక్కింట్లో ఉన్నాయంది. తను కుట్టుపని చేసే చోట పైన గది ఉందనీ, అక్కడికి రావద్దనీ చెప్పింది. బావ తల ఊపాడో, వణికాడో తెలియలేదు.

పానా పరుగెత్తుకెళ్లి సందులో ఆవిణ్ని అందుకున్నాడు. సంచీ తీసుకోబోయాడు. గది ఎందుకు, మన ఇల్లు లేదా, వెంటనే ఇంటికి వచ్చెయ్యమన్నాడు. అక్క సంచీ వదల్లేదు.

"నిన్న కట్టు కట్టేటప్పుడు మరదలు నన్ను పట్టుకుంది. నొప్పికి తన జబ్బ గట్టిగా నొక్కాను. నాకంటే ముందు తనే కేక పెట్టింది." అక్క అతని కళ్లల్లోకి చూసింది. "జాకెట్టు చెయ్యి పైకి లాగి చూశానురా. నాలుగు వేళ్లూ, ఎదురుగా బొటనవేలూ. నీ చెయ్యి నాకు తెలియదా, నేను పట్టుకుని నడిపించిన చెయ్యి."

"నేను కొట్టలేదక్కా. పక్కకి జరిపానంతే."

"మీ బావ కూడా మొదట్లో జరిపేవాడు," అంది అక్క. సంచీ భుజానికి వేసుకుని మలుపు తిరిగింది.

షాపులోకి తిరిగొచ్చేసరికి బావ టైరుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి పక్కటెముకల మీద ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మొహం వంకర తిరుగుతోంది. తన్నడానికి లేస్తాడనుకుని పానా సిద్ధపడ్డాడు. బావ లేవలేదు. కిందినుంచి పైకి అతన్ని ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అతనివైపు అలా చూడలేదు. కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది ఆ చూపులో.

"ఇప్పుడొచ్చిందిరా నీకు పని," అన్నాడు.

*

పానా ఆ సాయంత్రం చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. ముందు కిరోసిన్‌తో, తర్వాత సబ్బుతో, తర్వాత ఇసుక కలిపిన సబ్బుతో. గ్రీజు పోయింది, గోళ్ల మూలల్లో మిగిలేది మిగిలింది. తాతని ఇంటిదాకా దిగబెడతానన్నాడు. వద్దు బాబూ, నడుస్తానన్నాడు తాత, బల్లకి అవతలి పక్కనుంచి.

ఇంట్లో భార్య వంట చేస్తోంది. ఆమెకి సంగతులన్నీ తెలిసిపోయినట్టున్నాయి, ఏమీ అడగలేదు. ఉక్కపోత, అయినా పొడుగుచేతుల జాకెట్టు వేసుకుంది. గోడ మీద మరక అలాగే ఉంది. పానా బల్ల దగ్గర కూర్చున్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. చెయ్యి ఒకసారి చూపించు అందామనుకున్నాడు. తప్పైపోయింది అందామనుకున్నాడు. ఏది ముందు అనాలో తెలియక, దాహంగా ఉందన్నాడు.

ఆమె గ్లాసు నిండా నీళ్లు పోసింది. బల్ల దాకా వచ్చింది. గ్లాసుని బల్ల ఆ చివర పెట్టి, ఒక్క వేలితో అతని వైపు తోసింది.

వేలు వెంటనే వెనక్కి వెళ్లిపోయింది. ఆమె కూడా ఒక అడుగు జరిగి నిలబడింది. ఎంత దూరమో పానా కొలవక్కర్లేకపోయింది. అతను చెయ్యి చాపితే ఎంతో అంత, దానికి ఇంకొక పానా పొడుగు.

మొన్న కూడా ఇలాగే తోసింది. అంతకుముందు ఎన్నాళ్లనుంచి తోస్తోందో అతనికి గుర్తు రాలేదు. కడిగిన రెండు చేతుల్నీ ఒళ్లో పెట్టుకుని, నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు.